కాకీ, తాటిపండూ, మా బావ నవలా

"ఈ నవలలోని పాత్రలు, సంఘటనలు కేవలం కల్పితాలు. జీవించి ఉన్నవారిని గానీ, మరణించినవారిని గానీ పోలి ఉంటే అది కాకతాళీయం మాత్రమే" అనే వాక్యం గారికి,

కేరాఫ్ రెండో పేజీ, వెలకి కింద, ప్రెస్సు అడ్రసుకి పైన.

నమస్కారాలండీ.

మీరు నన్ను ఎరగరు. ఎవరినీ ఎరగనట్టు ఉండటమే కదా మీ ఉద్యోగం! నేను మాత్రం అద్దె పుస్తకాల షాపుల కాలం నుంచీ మిమ్మల్ని చూస్తున్నాను. చూడటమే గానీ ఎప్పుడూ చదవలేదు. అట్ట చూసి, రచయిత పేరు చూసి, నేరుగా మొదటి అధ్యాయంలోకి దూకేవాణ్ణి. సిగరెట్ పెట్టె మీద హెచ్చరికని ఎవరు చదువుతారు చెప్పండి? మొన్న జనవరిలో మొదటిసారి మిమ్మల్ని ఆసాంతం చదవాల్సి వచ్చింది. అందుకు కారణం మా బావ.

మా బావ అంటే మా పెద్దక్క మొగుడు. చీరాల పక్కన ఒక హైస్కూల్లో తెలుగు మాస్టారిగా చేసి రిటైరయ్యాడు. రిటైరైనవాళ్లు మామూలుగా వాకింగ్ మొదలుపెడతారు, లేదంటే గుడి కమిటీలో చేరతారు. ఈయన నవల మొదలుపెట్టాడు. 214 పేజీలు, సొంత ఖర్చుతో 500 కాపీలు. విజయవాడ పుస్తకాల పండగలో ఆవిష్కరణ చేయించి, చుట్టాలందరికీ తలా ఒక కాపీ ఉచితంగా పంచాడు. కొంప మునిగింది అక్కడే. డబ్బులిచ్చి కొనుక్కోవాల్సి వస్తే మావాళ్లలో ఒక్కరూ చదివేవారు కాదు.

నవలలో సుభద్ర అని ఒకావిడ ఉంది. ఇంటికొచ్చిన వాళ్లకి కొసరి కొసరి వడ్డిస్తుంది. వాళ్లు చెయ్యి కడుక్కోవడానికి లేవగానే ఫ్యాన్ కట్టేస్తుంది. మా మేనత్త ఇంట్లో ఒక్కసారైనా భోంచేసిన వాళ్లెవరికీ ఈ ఫ్యాన్ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. నాలుగు అధ్యాయాల్లో నాలుగు ఫ్యాన్లు ఆగాయి. మా మేనత్త పుస్తకమంతా చదివి అక్కకి ఫోన్ చేసి, "ఆ సుభద్ర అచ్చం మీ అత్తగారేనే! పాపం, పెద్దావిడని అలా రాయకుండా ఉండాల్సింది" అందట. ఇవతల మా బాబాయి నాకు ఫోన్ చేసి, "మీ బావ మా తోడల్లుణ్ణి భలే పట్టుకున్నాడ్రా" అన్నాడు. ఆ తోడల్లుడు గారు అదే సాయంత్రం ఫోన్ చేసి మా బాబాయి గురించి సరిగ్గా అదే మాట అన్నాడు. ఎవరికి వాళ్లు తప్ప మిగతా అందరూ ఆ నవలలో ఉన్నారు.

నేనూ ఆ ఫోన్లన్నీ ఎత్తి హాయిగా నవ్వుకున్నాను, 87వ పేజీ దాకా. అక్కడ శేషు అనేవాడు వచ్చాడు. బ్యాంకులో క్లర్కు. ప్రతి వాక్యం చివరా "అదన్నమాట" అంటాడు. అత్తగారి దగ్గర మూడు వేలు అప్పు తీసుకుని, తీర్చకుండానే నవలలోంచి వెళ్లిపోతాడు. నేనూ బ్యాంకులోనే చేశాను. కానీ "అదన్నమాట" అనే అలవాటు నాకు ఎన్నడూ లేదు. ఈ ముక్క మా ఆవిడతో అంటే పమిట నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

చీరాల వెళ్లి బావనే అడిగేశాను, "ఈ శేషు ఎవరు బావా?" అని. ఆయన మాట్లాడకుండా రెండో పేజీ తీసి మీ మీద వేలు పెట్టాడు. "చదువు" అన్నాడు. స్కూల్లో పిల్లాడికి చెప్పినట్టు.

అదండీ, మన పరిచయం.

మీలో నాకు ముందుగా కొరుకుడు పడనిది ఆ "కాకతాళీయం". కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలిందట, సరిగ్గా అప్పుడే పండు రాలిందట. కాకి వాలినందువల్ల రాలలేదు, ఏదో అలా కుదిరిందంతే. సరే, కుదరచ్చు. కానీ మా బావ నవలలో కాకి ముప్పైసార్లు వాలింది. ముప్పైసార్లూ పండు తిన్నగా మా వంశవృక్షం కిందే పడింది. నాకు తెలిసి ఆ కాకికి మా ఇళ్ల అడ్రసులు ఎవరో రాసిచ్చారు.

మీ పుట్టుపూర్వోత్తరాలు కూడా వాకబు చేశాను. మీకు ఈ ప్రపంచంలో ఇంత పరపతి రావడానికి ఒక రష్యన్ రాకుమారి కారణమట కదా! రష్యా రాజదంపతులకి దగ్గరై చక్రం తిప్పిన రాస్‌పుతిన్ అనే సాధువుని 1916 డిసెంబరులో చంపినవాళ్లలో ఫెలిక్స్ యూసుపోవ్ అనే రాకుమారుడు ఒకడు. 1932లో హాలీవుడ్ స్టూడియో ఎం.జి.ఎం. వాళ్లు ఆ కథనే "రాస్‌పుతిన్ అండ్ ది ఎంప్రెస్" అని సినిమా తీశారు. ఈ కథలో కొందరు ఇంకా బతికే ఉన్నారని మొదట్లోనే గొప్పగా తెర మీద వేసుకున్నారు. ఆ బతికున్నవాళ్లలో ఒకావిడ, ఫెలిక్స్ భార్య ఇరీనా, సినిమాలో రాస్‌పుతిన్ చేత చెడిపోయిన రాకుమారి తనేనని జనం అనుకుంటున్నారని లండన్ కోర్టుకెక్కింది. 1934లో 25,000 పౌన్లు గెలుచుకుంది. ఆ దెబ్బకి స్టూడియోలన్నీ తలుపు దగ్గర మిమ్మల్ని కాపలా పెట్టుకున్నాయి. అంటే, నిజం అని చెప్పుకున్నందుకు చిల్లు పడింది కాబట్టి అబద్ధం అని చెప్పుకోవడం మొదలైంది. మీ వంశం మా వంశం కన్నా గొప్పదేమీ కాదని తెలిశాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

అసలు మీ పక్క పేజీల్లో ఏం జరుగుతోందో మీకు తెలుసా? రెండో పేజీలో మీరు "అంతా కల్పితం" అంటారు. ఐదో పేజీలో "నా మాట" అని మా బావ, "ఇందులో ప్రతి పాత్రా నేను కళ్లారా చూసిన మనిషే, ప్రతి కన్నీటిబొట్టూ నిజమే" అని రాశాడు. ఏడో పేజీలో కృతజ్ఞతలు. అక్కడ మా మేనత్త, బాబాయి, బాబాయి తోడల్లుడు, నేను వరసగా, ఇంటిపేర్లతో సహా ఉన్నాం. "వీరు లేకపోతే ఈ నవల లేదు" అట! పోలీసు స్టేషన్లో ముద్దాయిల్ని నిలబెట్టి ఫొటో తీసినట్టుంది. వెనక అట్ట మీద "ఒక కుటుంబపు యథార్థ గాథ". ఈ రెండు అట్టల మధ్య ఇరుక్కుని మీరొక్కరే కాదు కాదు అంటూ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నారు.

ఆవిష్కరణ సభ సంగతి చెప్పనే లేదు. "మీకు ప్రేరణ ఏమిటి?" అని ఒకాయన మైకులో అడిగాడు. మా బావ కళ్లు మూసుకుని, "మట్టి" అన్నాడు. చప్పట్లు. ముందు వరసలో కూర్చున్న మట్టికి ఏమీ అర్థం కాక, అదీ చప్పట్లు కొట్టింది.

ఇంకో విడ్డూరం ఉంది. మన పత్రికల పోటీలకి నవల పంపాలంటే హామీపత్రం జతచేయాలి. ఇది పూర్తిగా నా సొంతం, దేనికీ అనువాదమూ అనుకరణా కాదు అని సంతకం పెట్టాలి. మా మేనత్త ఫ్యాన్ కట్టేయడాన్ని బావ తన సొంతం అని సంపాదకుడికి రాసిచ్చాడు. ఆవిడకేమో, నీకూ దానికీ సంబంధం లేదని మీ చేత చెప్పిస్తున్నాడు. ఇక ఆవిడకి మిగిలింది కరెంటు బిల్లే.

బయటి దేశాల్లో ఏం చేస్తున్నారో చూద్దామని అటూ తొంగిచూశాను. నార్వేలో కార్ల్ ఊవె క్నాస్‌గార్డ్ అనే ఆయన 2009, 2011 మధ్య ఆరు సంపుటాల నవల రాశాడు. సొంత పేరు, తండ్రి తాగి తాగి చనిపోవడం, భార్యలు, పిల్లలు, అన్నీ నిజమే. అట్ట మీద మాత్రం "నవల". తండ్రి తరపు చుట్టాలు పేపరుకెక్కి గగ్గోలు పెట్టారు. నాకు ఆయనకన్నా ఆ దేశంలోనే ఒక అక్కాచెల్లెళ్ల కథ ఎక్కువ నచ్చింది. విగ్దిస్ యోర్ట్ అనే రచయిత్రి 2016లో ఒక కుటుంబం, వారసత్వపు తగాదా, చిన్నప్పటి ఒక ఘోరం మీద నవల రాసింది. కల్పితమే అంది. చెల్లెలు హెల్గా వృత్తిరీత్యా లాయరు. ఆవిడ ఏడాది తిరక్కుండా తనూ ఒక నవల అచ్చేసింది. అందులో, సొంతవాళ్ల గురించి లేనిపోనివి రాసి పరువు తీసే ఒక అక్క ఉంటుంది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా మేనత్త గనక కలం పడితే? ఒక తెలుగు మాస్టారు పెళ్లిళ్లలో మూడో బంతిలో కూడా జిలేబీ ఎలా సంపాదిస్తాడో ఆవిడ 400 పేజీలు రాయగలదు.

జర్మనీ వాళ్లు మిమ్మల్ని అసలు లెక్కే చేయలేదు. మాక్సిమ్ బిల్లర్ "ఎస్రా" నవల 2003లో వచ్చింది. అందులో ఉన్నది మేమే అని ఆయన మాజీ ప్రియురాలు, ఆవిడ తల్లి కోర్టుకి వెళ్లారు. 2007లో రాజ్యాంగ న్యాయస్థానం ప్రియురాలి తరపున నిషేధాన్ని ఖాయం చేసింది. తల్లి విషయంలో మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. వాళ్లు చెప్పిన లెక్క ఇది: పోలిక ఎంత దగ్గరగా ఉంటే, మనిషి ఆంతరంగిక జీవితాన్ని ఎంత లోతుగా తడిమితే, రచయిత కల్పన అంత ఎక్కువగా చేసి ఉండాలి. తూకం అంతా లోపలి పేజీల్లోనే. రెండో పేజీలో ఏం రాసుకున్నా ఒరిగేదేమీ లేదు.

మన పక్కింటి సంగతికొస్తే నవ్వు రాదు. పెరుమాళ్ మురుగన్ తిరుచెంగోడు అని ఊరి పేరు పెట్టి, పిల్లల్లేని ఒక జంట గురించి 2010లో తమిళంలో నవల రాశాడు. 2014 చివర్లో గొడవ లేచింది. పుస్తకాలు తగలబెట్టారు. అధికారుల ముందు కూర్చోబెట్టి క్షమాపణ రాయించుకున్నారు. రచయిత మురుగన్ చచ్చిపోయాడని 2015 జనవరిలో ఆయనే ప్రకటించుకున్నాడు. 2016 జులైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పునిచ్చి, మళ్లీ రాయమంది. ఆయన రాసిన తర్వాతి నవలలో నాయిక ఒక మేకపిల్ల. మనుషుల గురించి రాయాలంటే భయం, దేవుళ్లంటే ఇంకా భయం, ఆవులూ పందులూ కుదరవు, ఇక మిగిలింది మేకలూ గొర్రెలే అని ముందుమాటలో చెప్పుకున్నాడు. వాక్యం గారూ, గుంపు వీధిలోకి వచ్చినప్పుడు మీరు ఆ ఊళ్లో ఎక్కడున్నారండీ? డబ్బున్న రాకుమారి నుంచి స్టూడియోని కాపాడటానికి పుట్టారు గానీ, జనం నుంచి ఒక లెక్చరర్‌ని కాపాడటం మీకు చేతకాలేదు.

కాపాడటం అన్నాను కాబట్టి ఒకటి అడుగుతాను. డాక్టర్ కేశవరెడ్డి గారు చిత్తూరు జిల్లా మనిషి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేశారు. "అతడు అడవిని జయించాడు"లో ఒక ముసలాయన తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ రాత్రంతా అడవిలో తిరుగుతాడు. "కొండపొలం" నవలలో గొర్రెల కాపరులు కరువుకి తాళలేక మందల్ని తోలుకుని నల్లమల ఎక్కుతారు. కడప జిల్లా సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారు రాసిన ఈ నవలకి 2019లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) బహుమతి వచ్చింది. ఆ ముసలాయన, ఆ కాపరులు ఆకాశంలోంచి ఊడిపడలేదు. వాళ్ల నడక, తిట్లు, పశువుని పిలిచే పిలుపు ఎవరో ఒకరి దగ్గర విన్నవే అయ్యుంటాయి. వాళ్లలో ఎవరైనా "అది నేనే, నా పరువు పోయింది" అని లాయర్‌తో నోటీసు ఇప్పించగలరా? వాళ్లలో చాలామందికి ఆ పుస్తకం చేరనే చేరదు. నవల చదివే తీరిక, కోర్టుకెక్కే స్తోమత రెండూ ఉన్నవాళ్ల కోసమే మీరు. మా మేనత్తకి రెండూ ఉన్నాయి. అందుకే మా బావ మిమ్మల్ని బోల్డ్ అక్షరాల్లో వేయించాడు.

పోనీ మీరు లేకుండా కుదరదా? కుదిరింది. దొంగరి మల్లయ్య గారు ఉస్మానియా హాస్టల్లో ఉండే ఒక కుర్రాడి ఒక్క రోజుని "అంపశయ్య" అని నవలగా రాశారు, 1969లో అచ్చయింది. ఆ పేరు ఆయనకే అతుక్కుపోయింది, అందరూ అంపశయ్య నవీన్ అనే అంటారు. సొంత నవలే ఇంటిపేరైన మనిషి పక్కన నిలబడి "ఎవరితోనూ సంబంధం లేదు" అని చెప్పడానికి మీకైనా మొహం చెల్లదు.

మొన్న సంక్రాంతికి మా అక్క వచ్చినప్పుడు శేషు సంగతి ఎత్తాను. అక్క గారెలు తీస్తూ అంది: "అదన్నమాట అనేది మీ బావ ఊతపదం కదరా. మా పెళ్లైన కొత్తలో నువ్వు ఆయన వెనకాలే తిరిగి అంటించుకున్నావు. ఆయన మానేశాడు, నువ్వు మానలేదు." మరి అత్తగారి దగ్గర తీసుకున్న అప్పో? అక్క గారెల వైపు చూస్తూ ఉండిపోయింది. నేనూ రెట్టించలేదు. ఆ రోజుల్లో మా అమ్మ దగ్గర అప్పు తీసుకోనివాడు మా ఇంట్లో ఎవడూ లేడు.

ఆ రాత్రి అమ్మ మంచం పక్కన ఆవిడ కాపీ కనిపించింది. ఎనభై రెండేళ్ల మనిషి, మొత్తం చదివింది. పెన్సిల్‌తో అంచుల్లో దిద్దింది కూడా. 43వ పేజీలో అత్తగారు ఆకుపచ్చ చీర కట్టుకుని అల్లుడికి ఎదురొస్తుంది. పక్కన అమ్మ రాత: "ఆకుపచ్చ కాదు, మెంతిరంగు." 88వ పేజీలో శేషు మూడు వేలు జేబులో పెట్టుకుంటాడు. పక్కన: "రెండున్నర." 120లో చనిపోయిన మావగారి గురించి ఒక పేరా ఉంది. దాని పక్కన ఏమీ రాయలేదు. పేజీ మూల మాత్రం మడిచి ఉంది.

మిమ్మల్ని ఏం చేసిందా అని రెండో పేజీ తిప్పాను. మీకింద బోలెడు ఖాళీ ఉంది కదా. అక్కడ నెల పాల లెక్క రాసుకుంది. రోజూ అర లీటరు, పండగ మూడు రోజులూ లీటరు, తొమ్మిదో తారీఖున పోయించుకోలేదు.

ఇట్లు,
శేషు
(పేరు మార్చబడినది)