ఆపరేషన్ అయిపోయాక మొదలయ్యేది

విరేచనంలో రక్తం పడుతోందని నాన్న ఇంట్లో చెప్పేసరికే మూడు నెలలైంది. చెప్పాక అందరిదీ ఒకటే మాట: వేడి చేసింది. సబ్జా నీళ్లు, బార్లీ, పూటపూటా మజ్జిగ. తర్వాత మొలలని ఆయనే తేల్చుకుని, బస్టాండు గోడ మీద 'ఆపరేషన్ లేకుండా గ్యారంటీ' అని రాసి ఉన్న చోట రెండు నెలలు మందు వాడాడు. మలాశయంలో, అంటే పెద్దపేగు చివరి భాగంలో, క్యాన్సర్ గడ్డ అని తేలేటప్పటికి ఎనిమిది నెలలు గడిచిపోయాయి.

ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. బయటికి వెళ్లడం, చెంబు పట్టుకెళ్లడం, రెండుకి వెళ్లడం... మనింట్లో ఆ పనికి ఉన్నవన్నీ చాటు మాటలే. అలాంటిది, అక్కడ రక్తం వస్తోందని కొడుకుతో ఎలా చెబుతాడు? కానీ డాక్టర్లకు ఆ మొహమాటం ఉండకూడదు కదా. మలాశయం కింది భాగంలో వచ్చే గడ్డలు చాలావరకు గ్లౌజు తొడిగిన వేలికే తగులుతాయి. మేం మొదట చూపించిన ఇద్దరూ ఆ పరీక్ష చేయకుండానే పైల్స్ అని రాసిచ్చారు.

అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టమంటున్నారు. మన జాతీయ కార్యక్రమంలో 30 దాటినవారికి చూసేవి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లే. ఈ జబ్బు మన దగ్గర అక్కడంత ఎక్కువ లేదు కాబట్టి గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ అందరికీ చేయమని నేనూ అడగను. రక్తం పడుతోందని వచ్చిన మనిషిని వేలితో పరీక్షించకుండా పంపొద్దని చెప్పడానికి మాత్రం బడ్జెట్ అక్కర్లేదు.

నాన్న ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ పథకం కిందే పోయింది. అసలు సంగతి ఆ తర్వాత తెలిసింది. గడ్డ మలద్వారానికి మరీ దగ్గరగా ఉంటే ఆ ద్వారాన్ని కూడా తీసేసి, పెద్దపేగు కొసను పొట్ట మీదికి తెచ్చి కుడతారు. అదే స్టోమా. ముట్టుకుంటే నొప్పి తెలియదు, వచ్చేదాన్ని ఆపుకోవడం కుదరదు. మలద్వారం తీయనివాళ్లలో కొందరికి ఇది కొన్ని నెలలే, నాన్నకు జీవితాంతం. పొట్టకు ఒక ప్లేటు అంటించి, దానికి బ్యాగ్ తగిలించాలి. మూడు నాలుగు రోజులకోసారి ప్లేటు మార్చాలి. దాని మధ్య రంధ్రం స్టోమా కొలతకు సరిగ్గా కత్తిరించాలి. పెద్దదైతే మలం తగిలి చర్మం పుండవుతుంది, చిన్నదైతే ఒరుసుకుంటుంది. డిశ్చార్జి రోజున నర్సమ్మ పది నిమిషాల్లో ఒకసారి చేసి చూపించింది, అంతే.

అమ్మ ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టింది. మొదటి వారంలో ప్లేటు ఊడిపోయి ఒక్క రాత్రే మూడుసార్లు పక్కబట్టలు మార్చాక, మర్నాడు పల్చటి పాలిథిన్ కవరు స్టోమా మీద పరిచి పెన్నుతో చుట్టూ గీసింది. ఆ గీత అట్టముక్క మీదికి ఎక్కించి, ఆ అట్ట పెట్టి ప్లేటు కత్తిరించింది. రెండు నెలలకు వాపు తీసి స్టోమా చిన్నదయ్యింది. మళ్లీ కొలత, మళ్లీ అట్ట. టిఫిన్ తినకముందు, తెల్లారే మారిస్తే పేగు నెమ్మదిగా ఉంటుందని కూడా ఆమే కనిపెట్టింది.

ప్లేట్లు, బ్యాగులు మాత్రం మా డబ్బుతోనే. ప్రతి నెలా, అదీ బతికున్నంతకాలం. ఇంగ్లాండులో శాశ్వత స్టోమా ఉన్నవాళ్లకు, డాక్టరు చీటీ మీద తీసుకునేవాటికి కట్టే ప్రిస్క్రిప్షన్ ఛార్జీయే లేదు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో స్టోమా లేదు. కొనలేనివాళ్లు ఒకే బ్యాగును కడిగి కడిగి వాడతారు, అదీ లేకపోతే గుడ్డ, క్యారీబ్యాగ్ కట్టుకుంటారు. లక్షలు పెట్టి గడ్డ తీయించే ప్రభుత్వం ఈ సంచిని కూడా వైద్యంలో భాగమే అనుకోవాలి. డయాలసిస్ కూడా ఒకసారి చేసి వదిలేయడం లేదు కదా.

ఇంకో చిన్న తంటా. కీమోలో ఇచ్చే కెపెసిటబిన్ మాత్రలకు నాన్న అరచేతులు ఎర్రబడి పొట్టు లేచాయి. రేషన్ షాపు మిషన్ మీద వేలిముద్ర పడలేదు. సింగపూర్ మనిషి ఒకాయన్ని ఇదే మందు వల్ల ముద్రలు పోయాయని అమెరికా ఎయిర్‌పోర్టులో నాలుగు గంటలు ఆపేశారని 2009లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. ఈ మందు వాడేవాళ్లు ప్రయాణంలో డాక్టరు చీటీ దగ్గర పెట్టుకోవాలని అందులో రాశారు. మా డీలరుకు చీటీ చూపించినా నవ్వి ఊరుకున్నాడు.

నాన్న పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాడు. వాసన వస్తుందేమోనని టెన్షన్. ఆయన వెళ్లడు కాబట్టి అమ్మా వెళ్లదు. ఆ రెండో సంగతి చాలాకాలం ఎవరం గమనించలేదు, రోగి ఎలా ఉన్నాడనే అందరూ అడిగేది.

ఈ మధ్య అమ్మ ఫోన్ నంబరు చేతులు మారుతోంది. వార్డులో పక్క మంచం వాళ్లు ఎవరికో ఇచ్చారు, వాళ్లు ఇంకెవరికో. మొన్న రాత్రి ఏ ఊరావిడో, భర్తకు ప్లేటు నిలవడం లేదని ఏడుస్తోంది. అమ్మ స్పీకర్ ఆన్ చేసి, ఫోన్ కుట్టుమిషన్ మీద కత్తెర పక్కన పెట్టి అంటోంది: "ఏడవకమ్మా, ముందు ఒక అట్టముక్క తెచ్చుకో."