థీమ్ గారూ, మీ నిశ్శబ్దానికి నూరు మాటలట!

మహారాజశ్రీ థీమ్ గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అనాలి గానీ, కుశలం ఒకవైపే ఉంది. మీరు క్షేమం. తమ పేరు మీద పెట్టిన పోటీకి నేను పంపిన క్విల్టు (గోడకు తగిలించే బొంతలాంటి కుట్టుపని) మీద ఇవాళ మధ్యాహ్నం తీర్పు వచ్చింది: "పనితనం చక్కగా ఉంది. థీమ్‌తో సంబంధం స్పష్టంగా లేదు."

ఈసారి తమరు 'నిశ్శబ్దం' వేషంలో వేంచేశారు. పోయినసారి 'ప్రవాహం', అంతకుముందు 'అంచు'. ఏ వేషమైనా వెనకాల తోక మాత్రం మారదు: "మీకు తోచినట్టు స్వేచ్ఛగా మలచుకోండి." ఎంత ఔదార్యం! ఆ స్వేచ్ఛ కిందే చిన్న అక్షరాల్లో: నిలువు 12 అంగుళాలు, అడ్డం 12 అంగుళాలు, పైగుడ్డ, దూది పొర, అస్తరు, మూడింటినీ కలిపి పట్టుకునే కుట్టు, వెనక గోడకు తగిలించే గొట్టం, పేరు పట్టీ. సరే, ఇవన్నీ ఒప్పుకుంటాను. మూడు పొరలూ కుట్టూ లేకపోతే అది క్విల్టే కాదు. నా గొడవ అక్కడ కాదు.

మీ మాట పట్టుకుని నేనేం చేశానో తమరు చిత్తగించాలి. తెల్లగుడ్డ మీద తెల్లదారం. అతుకుల్లేవు, రంగుల్లేవు, పైన అంటించిన బొమ్మల్లేవు. గుడ్డను ముందుకు లాగే మిషన్ పళ్ళు కిందికి దించేసి, ఫ్రీ మోషన్‌లో గుడ్డను నా చేతులతోనే తిప్పుకుంటూ, గీతకీ గీతకీ మధ్య సందు లేకుండా కుట్టుకుపోయాను. చేతి వేగమూ మిషన్ వేగమూ కలిస్తేనే కుట్లు సమంగా పడతాయి. ఏ ఒక్కటి తొందరపడ్డా ఒకచోట పొడుగు, ఒకచోట పొట్టి. మధ్యలో అరచేతంత జాగా మాత్రం ముట్టుకోలేదు. ఈ పని చేసేవాళ్ళకి తెలిసిందే, దట్టంగా కుట్టిన చోట దూది అణిగిపోతుంది, సూది పడని చోట ఉబ్బి పైకి లేస్తుంది. చుట్టూ అంత రొద, మధ్యలో ఎవరూ మాట్లాడని చోటు. ఇంతకంటే స్పష్టంగా చెప్పాలంటే గుడ్డకి ఓ నోరు కుట్టిపెట్టాలి.

మిగతా కష్టాలు పెద్దగా చెప్పను. అంత దట్టంగా కుడితే గుడ్డ లోపలికి గుంజుకుంటుందని ముందే పెద్దగా కత్తిరించుకున్నా. అయినా అంచులు మెలికలు పోయాయి. తడిపి, చుట్టూ గుండుసూదులు గుచ్చి ఆరబెడితే గానీ దారికి రాలేదు. బాబిన్ దారం సరిగ్గా ఆఖరి వరసలో అయిపోయింది. దానికి వేరే ముహూర్తం దొరకదు కాబోలు. ఇంట్లోవాళ్ళు వచ్చి చూసి "కప్పుకోవడానికి చిన్నదవదూ?" అన్నారు. వాళ్ళని క్షమించాను.

మిమ్మల్ని మాత్రం క్షమించను. ఎందుకంటే క్విల్టుతో పాటు ఫారంలో 'కళాకారుల వివరణ' అడిగారు. 100 మాటలు మించకుండా. నిశ్శబ్దం గురించి! ఆ గడిని ఖాళీగా వదిలేశాను. అంతకంటే నిజాయితీ ఉన్న వివరణ ఇంకేముంటుంది? "ఈ గడి నింపడం తప్పనిసరి" అని ఎర్రక్షరాలు. ఒక చుక్క పెట్టాను. "కనీసం 25 మాటలు ఉండాలి." థీమ్ గారూ, తమ పేరేమిటో తమకి గుర్తుందా? మౌనవ్రతం పట్టినవాణ్ణి వేదికెక్కించి, ఆ వ్రతం మీద ఉపన్యాసమిస్తే గానీ నమ్మం అన్నట్టుంది.

చివరికి రాశాను. 'శూన్యం' వేశాను, 'అంతరంగం' వేశాను, 'అన్వేషణ' వేశాను. 'పొరలు' కూడా వేశాను. ఆ మాట లేకుండా క్విల్టు గురించి ఎవరూ వివరణ రాయకూడదని ఎక్కడో శాసనం ఉండే ఉంటుంది. గుడ్డ మీద నేను చెయ్యకుండా ఆపుకున్న చప్పుడంతా ఆ కాగితం మీద చేశాను. అది చదివి కూడా సంబంధం స్పష్టంగా లేదన్నారు!

పోనీ క్విల్టునైనా చూశారా? తెల్లమీద తెల్లకుట్టు కనబడాలంటే వెలుతురు పక్కనుంచి పడాలి. అప్పుడే ఎత్తుపల్లాలకి నీడలొస్తాయి. కిటికీ పక్కన పెట్టి, ఏటవాలు వెలుతురులో ఫొటో తీసి పంపాను. తిరిగొచ్చింది. "ఫొటోలో నీడలు ఉండకూడదు." ఎదురుగా దీపం పెట్టి మళ్ళీ తీశాను. నీడలు పోయాయి. వాటితో పాటు ఉబ్బు పోయింది, కుట్టు పోయింది, నిశ్శబ్దం కూడా పోయింది.

ఇక 'తమరు' చాలు. నువ్వు విను.

1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో మంచాల మీది పాత క్విల్టుల్ని తెచ్చి, చిత్రాల్ని పెట్టినట్టే గోడకెక్కించారు. కుట్టినవాళ్ళలో చాలామంది పేర్లే ఎవరికీ తెలియవు. ఏ ఒక్కరూ 'ఈ త్రికోణం నా అంతరంగం' అని రాసివ్వలేదు. జనం నిలబడి చూశారు. చూస్తే చాలింది. తర్వాత 1979లో, కొత్తరకం క్విల్టులకి చోటు కావాలని ఒహాయోలో పాడిపశువుల కొట్టం శుభ్రం చేసుకుని 'క్విల్ట్ నేషనల్' అనే ప్రదర్శన మొదలుపెట్టారు. ఆ కొట్టంలో ఉన్న పాటి మర్యాద నీ గళ్ళ ఫారంలో లేదు.

హారియెట్ పవర్స్ తన క్విల్టుకి వివరణ ఇచ్చింది కదా అని నాకు అడ్డు రాకు. ఇచ్చింది, నిజమే. బానిసగా పుట్టిన ఆవిడ అమెరికాలోని జార్జియాలో కుట్టిన బైబిల్ కథల క్విల్టుని 1891లో, చేతిలో డబ్బులేని కాలంలో, అమ్ముకోవాల్సి వచ్చింది. అమ్ముతూ ఒక్కో గడిలో ఏ కథ ఉందో చెప్పింది. కొన్నావిడ రాసిపెట్టుకుంది. ఆ తర్వాత కూడా పవర్స్ తన క్విల్టుని చూసుకోవడానికి వెళ్ళేది. విడిచి ఉండలేక చెప్పిన మాటలవి. కనీసం 25 ఉండాలని ఎవరూ గద్దించలేదు.

ఇంతకీ నీ దగ్గర గెలిచిందేమిటి? మూసిన పెదవులు, వాటి మీద వేలు. కుట్టిన చేతిని తప్పుపట్టను. మెరుపు దారం ఎన్నిసార్లు తెగుతుందో నాకు తెలుసు, అంత సన్నగా తిప్పినందుకు దండం పెడతాను. నీకు కావలసింది అదే అయితే 'పెదవుల మీద వేలు' అని మొదటే అడిగి ఉండొచ్చుగా! స్వేచ్ఛ పేరు చెప్పి మమ్మల్ని ఊళ్ళన్నీ తిప్పడమెందుకు?

అయినా ఒక్క బాకీ ఒప్పుకుంటాను. ఖాళీ కనబడితే కుట్టేయడం నా జబ్బు. ఆ మధ్య జాగా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ చేతులు లాగాయి. నీ మాట నెత్తిన కూచుని ఉండబట్టే ఆగాను. నేను చేసినవాటిల్లో తాకి చూడాలనిపించే చోటు అదొక్కటే. అది నీ పుణ్యం. ఇలా అన్నానని ఎక్కడా చెప్పకు. నీ కొత్త మాట ఏమిటో కూడా నేనింకా చూడలేదు, చూడను. 'గాలి' అటగా.

జవాబు రాయాలనిపిస్తే రాయి. 100 మాటలు దాటకూడదు, 25కి తగ్గకూడదు, నీడలు అసలే ఉండకూడదు. ఖాళీ కాగితం పంపావో, తిప్పికొడతాను.

ఇట్లు,
తమ అవిధేయురాలు