ఆస్కార్ బొమ్మ గారికో అలసిన ఉత్తరం

మహారాజశ్రీ ఆస్కార్ బొమ్మ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు రెండు చేతులా కత్తి పట్టుకుని, ఫిల్మ్ రీలు మీద నిటారుగా, పదమూడున్నర అంగుళాల ఎత్తున కులాసాగానే ఉన్నారని తలుస్తాను. తమరి మొహం చూస్తే పుట్టాక ఒక్కసారైనా నవ్వినట్టు లేదు. నా ఫిర్యాదు కూడా అదే.

1974లో మెల్ బ్రూక్స్ 'బ్లేజింగ్ శాడిల్స్' అని కౌబాయ్ సినిమాలన్నిటినీ వెక్కిరిస్తూ ఒకటి తీశాడు. ఊరికొచ్చిన నల్లజాతి షెరీఫ్‌ని వల్లో వేసుకోమని విలన్ పురమాయించే సెలూన్ (క్షౌరశాల కాదు, కౌబాయ్‌ల సారాకొట్టు) పాటగత్తె లిలీ ఫాన్ ష్టుప్. ఆ వేషం మేడలిన్ కాన్‌ది. వల వేయబోయి తనే పడుతుంది, అంతే పాత్ర. తెర మీద ఉండేది కాసేపే. ఆ కాసేపట్లోనే, 1939 నాటి 'డెస్ట్రీ రైడ్స్ అగైన్'లో మార్లీన్ డీట్రిచ్ వేసిన సెలూన్ పాటగత్తెని, ఆ వాలిన కనురెప్పలతో, జర్మన్ యాసతో సహా ఉతికి ఆరేసింది.

ఆ పాట తమరు విన్నారా? వేలమంది మగాళ్ళు వచ్చారు పోయారు, నేను అలసిపోయాను బాబూ అని పాట. వెనకాల మొనదేలిన శిరస్త్రాణాలు పెట్టుకుని ప్రష్యన్, అంటే పాతకాలపు జర్మన్, సైనికులు చిందులు. కౌబాయ్‌ల ఊళ్ళో ప్రష్యన్ సైన్యమేమిటని అడక్కండి, అక్కడెవరూ అడగలేదు. ఆవిడ మాత్రం ఒక్కో స్వరాన్నీ మెట్లెక్కలేని ముసలమ్మలా సగం దాకా ఎక్కి, ఇక నావల్ల కాదని అక్కడే కూలబడుతుంది. మా ఇంట్లో ఆ పాట పెట్టినరోజు, సంగీతం నేర్చుకున్న మా పెద్దమ్మ వంటింట్లోంచి అరిచింది: "ఎవర్రా అది, శ్రుతీ పాడూ లేకుండా!"

"ఒపేరా నేర్చుకున్నావిడే పెద్దమ్మా."

గరిటె పట్టుకునే వచ్చి ఇంకోసారి పెట్టించుకుని వింది. "అదీ సంగతి. శ్రుతి ఎక్కడుందో తెలిస్తేనే దాన్ని అంత కచ్చితంగా తప్పించుకోగలరు," అంది. తమరి ఓటర్లలో మా పెద్దమ్మ లేకపోవడం తమరి ఖర్మ.

ఇంకోటి. లిలీకి 'ర' పలకదు, నోట్లోంచి 'వ' వస్తుంది. షెరీఫ్ తెచ్చిన ఎర్రగులాబీ 'వెడ్ వోజ్' అయిపోతుంది. మేడలిన్ కాన్ హాఫ్‌స్ట్రా విశ్వవిద్యాలయంలో పట్టా తీసుకున్నది దేంట్లోననుకున్నారు? స్పీచ్ థెరపీలో! నత్తినీ నంగినీ సరిచేసే చదువు చదివి, దాన్ని ఇలా తిరగేసి వాడుకున్న మనిషి ఇంకెవరైనా ఉంటే చెప్పండి.

తమరేం చేశారు? ఉత్తమ సహాయ నటి నామినేషన్ ఇచ్చారు, కాదనను. అంతకు ముందు ఏడాది 'పేపర్ మూన్'కీ ఇచ్చి, బహుమతి మాత్రం అదే సినిమాలో వేసిన పదేళ్ళ పిల్ల టేటమ్ ఓనీల్ చేతిలో పెట్టారు. సరే, చిన్నపిల్ల. ఈసారి, 1975 ఏప్రిల్ 8న, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ మహానటి, ఆవిడతో నాకు పేచీ లేదు. పైగా మర్యాదస్తురాలు. వేదికెక్కి, ఇది నీకు రావలసింది, క్షమించమ్మా అంది... పోటీలో ఉన్న ఇంకో నటి వాలెంతీనా కోర్తేజేని! పెళ్ళిలో పట్టుచీర రాని ఆడపడుచుకి కనీసం సర్ది చెబుతారు. మా లిలీకి ఆ క్షమాపణలో కూడా వాటా దక్కలేదు.

అసలు 'సహాయ' అన్న మాటంటేనే తమరి ఇంట్లో మొదట్నించీ చులకన. 1936 సినిమాలతో ఆ బహుమతి మొదలెట్టి, ఏడేళ్ళపాటు గెలిచినవాళ్ళ చేతిలో ఉత్త ఫలకం పెట్టి పంపారు. బొమ్మగా తమరు దిగివచ్చింది ఆ తర్వాతే. ఏడిపించినవాళ్ళ ఇంటికైతే పరుగున వెళ్ళే తమరికి, నవ్వించినవాళ్ళ గుమ్మం కనబడగానే కాళ్ళు లాగుతాయేం?

మేడలిన్ కాన్ 1999లో, యాభై ఏడేళ్ళకే, అండాశయ క్యాన్సర్‌తో వెళ్ళిపోయింది. 1993లో రంగస్థలం వాళ్ళ టోనీ ఆవిడ ఇంటికి వెళ్ళింది గానీ తమరు వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్దామన్నా తలుపు తీసేవారు లేరు.

ఇట్లు,
తమరి పూత కింద ఏముందో ఎరిగిన ఒక తెలుగు ప్రేక్షకుడు

తా.క.: కవరు మీద చిరునామా రాస్తుంటే గమనించాను, తమరి పేరులోనూ ఒక 'ర' ఉంది. లిలీ చేతికి చిక్కి ఉంటే ఈపాటికి తమరు ఆస్కావ్.