ముహూర్తానికి ఆగని బ్యాటరీ

చిన్న డిజిటల్ కెమెరాతోపాటు వచ్చే పుస్తకంలో ‘ఒకసారి చార్జింగ్ చేస్తే సుమారు 240 ఫొటోలు’ అన్నట్టు ఒక అంకె ఉంటుంది. అది అబద్ధం కాదు. కాకపోతే ఆ లెక్క కట్టినవాళ్లు జపానువాళ్లు. అక్కడ కెమెరా తయారీదారుల సంఘం ఒకటుంది, సీపా అంటారు. వాళ్ల పద్ధతి ప్రకారం 23 డిగ్రీల గదిలో, కెమెరా వెనక తెర వెలుగుతుండగా, 30 సెకన్లకు ఒకటి చొప్పున ఫొటోలు తీయాలి. ప్రతి ఫొటోకూ జూమ్‌ను ఒక కొస నుంచి మరో కొసకు నడపాలి. ఫొటో విడిచి ఫొటోకు ఫ్లాష్ వేయాలి. పదేసి ఫొటోలకు ఒకసారి కెమెరా ఆపి మళ్లీ ఆన్ చేయాలి. బ్యాటరీ నీరసించి పడిపోయేదాకా ఇలా తీస్తూ పోతే వచ్చిన లెక్కే ఆ 240.

ఎంత వెతికినా ఆ పద్ధతిలో ‘ఆగండి, పెద్దత్తయ్య ఇంకా రాలేదు’ అనే అంశం కనబడదు. మన ఇళ్లలో గ్రూపు ఫొటో అంటే ఎవరు ఎవరి పక్కన నిలబడకూడదో తేలడానికే పావుగంట పడుతుంది. అత్తయ్య వస్తే మామయ్య చెయ్యి కడుక్కోవడానికి వెళతాడు. పిల్లవాడు ఏడుస్తాడు. వాడు ఊరుకునేసరికి ఎవరికో కొంగు సర్దుకోవాలని తోస్తుంది. అంతసేపూ వెనక తెర వెలుగుతూనే ఉంటుంది. బటన్ మీద సగం నొక్కిన వేలు నొక్కినట్టే ఉంటుంది. చేతి వణుకు ఫొటోలో పడకుండా చూసే యంత్రాంగం లోపల కష్టపడుతూనే ఉంటుంది. ఫొటో తీయడానికి ఖర్చయ్యే కరెంటు ఏపాటిది? తీయబోతూ ఉండడానికి అయ్యేదే అసలు ఖర్చు. పైగా ఫోనులో ఉండే బ్యాటరీ ఈ రోజుల్లో 5000 మిల్లీ యాంపియర్ అవర్స్, అంతకు మించి కూడా ఉంటే, ఈ కెమెరాల్లోది చాలావరకు వెయ్యి లోపే. బిస్కెట్టులో సగం లేని ఆ ముక్క మన బంధుబలగాన్ని ఎంతసేపని మోస్తుంది?

మా బాబాయి షష్టిపూర్తి చెన్నైలో, వెస్ట్ మాంబళంలోని ఒక కల్యాణమండపంలో జరిగింది. మే నెల. తమిళనాట అగ్నినక్షత్రం అనే నడివేసవి ఎండలు. సీపావారి 23 డిగ్రీలు మా మండపంలో ఒక్క ఫ్రిజ్‌లోనే దొరికేవి. ఆ ఫ్రిజ్ సంగతి తరవాత వస్తుంది.

ఫోను ఫొటోలు పాతబడిపోయాయనీ, పాత చిన్న కెమెరాలదే ఇప్పుడు ఫ్యాషననీ మా మేనకోడలు తేల్చింది. వాళ్ల నాన్న పెళ్లినాటి కెమెరా బీరువాలోంచి బయటికి వచ్చింది. పిల్ల తెలివిగలది. తెర వెలుగు తగ్గించింది. తీసిన ప్రతి ఫొటోనూ వెంటనే చూపించే ఏర్పాటు ఆపేసింది. రెండో బ్యాటరీ కూడా నిండా చార్జింగ్ చేసి పెట్టింది. అంతా సవ్యంగానే ఉంది, కెమెరా పెదనాన్న చేతికి వెళ్లేదాకా.

ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతోందని తెలిస్తే పెదనాన్నకు నిద్ర పట్టదు. కెమెరాకూ అదే శాస్త్రం వర్తింపజేశారు. ఒక ఫొటో తీయడం, వెంటనే ఆపేయడం. మళ్లీ ఆన్ చేయడం, తీయడం, ఆపేయడం. ఆన్ చేసిన ప్రతిసారీ లోపలి మోటారు లెన్సును బయటికి తోయాలి, ఆపిన ప్రతిసారీ లోపలికి లాక్కోవాలి. ఆయన పొదుపులో ఆ మోటారుకు క్షణం తీరిక లేదు.

“తాతయ్యా, మాటిమాటికీ ఆపకండి. కాసేపు ముట్టుకోకపోతే అదే నిద్రపోతుంది” అంది మేనకోడలు.

“మనం ఆపితే ఆగాలి గానీ, దానంతట అది నిద్రపోవడం ఏమిటి?” అన్నారు పెదనాన్న.

ఫ్లాష్ విషయంలో మాత్రం ఆయన మహాదాత. చివరి వరసలో కూర్చుని, వేదిక మీదికి వేస్తూనే ఉన్నారు. ఇంత చిన్న కెమెరా ఫ్లాష్ నాలుగైదు మీటర్లు దాటితే గొప్ప. ఆ వెలుగంతా ముందు వరసలోని బట్టతలల మీదే ఆగిపోయింది. మధ్యమధ్య తీసినవాటిని అడిగినవారికీ, అడగనివారికీ చూపించారు.

కలశాభిషేకం అయింది. బాబాయీ పిన్నీ కొత్తబట్టలు కట్టుకుని పీటల మీదికి వచ్చారు. పురోహితుడు గట్టిమేళం అన్నాడు. నాదస్వరం అందుకుంది. బాబాయి మంగళసూత్రం పిన్ని మెడ దాకా తెచ్చాడు. పెదనాన్న జనాన్ని తోసుకుంటూ వేదిక ముందుకు వచ్చి గురి చూశారు. తెర మీద ఎర్రటి బ్యాటరీ బొమ్మ రెండుసార్లు మిటకరించింది. అంతే, చీకటి. లెన్సును లోపలికి తీసుకునే ఓపిక కూడా లేక కెమెరా మూతి ముందుకు చాచి ఉండిపోయింది.

“రెండో బ్యాటరీ!” అని కేక.

అది మేనకోడలి సంచిలో లేదు. ముందురోజు రాత్రి ఆ పిల్ల పుస్తకంలోంచి ‘బ్యాటరీని చల్లని, తేమ లేని చోట ఉంచాలి’ అని పైకి చదివింది. పెద్దమ్మ చెవిన ‘చల్లని’ వరకే పడింది. బ్యాటరీ వంటగది ఫ్రిజ్‌లో, అరటాకు పొట్లంలో, మల్లెమొగ్గల మధ్య భద్రంగా ఉంది. తీసి అరచేతిలో పెట్టుకోగానే చెన్నై గాలిలోని తేమ దాన్ని వెతుక్కుంటూ వచ్చింది. చూస్తుండగానే సన్నని నీటిచుక్కలు పట్టాయి. బ్యాటరీకి ఉండే బంగారు రంగు లోహపు రేకుల మీద ఒకటి, పక్కన అంటుకున్న మొగ్గ మీద ఒకటి. గమగమా మల్లెల వాసన. ఆ తడితో దాన్ని కెమెరాలో పెట్టనివ్వనని మేనకోడలు అడ్డం నిలిచింది.

“ఎండలో పెడితే సరి” అన్నారు పెదనాన్న. ట్రాన్సిస్టర్ రేడియో సెల్స్‌ను పిట్టగోడ మీద ఎండబెట్టి వార్తలు విన్న తరం ఆయనది. ఆ సెల్స్ జింకు, కార్బన్‌వి. వెచ్చబడితే కాసేపు లేచి కూర్చునేవి. ఇది లిథియం అయాన్‌ది, వేడి దీనికి పగ. పెదనాన్న మేడమెట్లు ఎక్కుతుంటే మేనకోడలు వెంటపడి చేతిలోంచి లాక్కుంది. పొడి పంచె అంచుతో తుడిచి ఆరబెట్టారు.

పురోహితుడు గడియారం చూసుకున్నాడు. “బ్యాటరీ ఆరేదాకా ముహూర్తం ఆగదు బాబూ” అని మూడు ముళ్లూ వేయించేశాడు. ఆయనకు మరో మండపంలో నిశ్చితార్థం ఉంది. ఆశీర్వచనం పూర్తిచేసి, సంభావన తీసుకుని, ఆటో ఎక్కాడు. ఫోన్లలో తీసినవాళ్లు లేకపోలేదు. వాటన్నింటిలోనూ పిన్ని మెడ ఉండవలసిన చోట, చచ్చిన కెమెరాను చెవి దగ్గర ఊపి చూస్తున్న పెదనాన్న వీపు ఉంది.

భోజనాలయ్యాక, బ్యాటరీ పూర్తిగా ఆరాక, పిన్ని పట్టుబట్టింది. ఫొటో లేని షష్టిపూర్తి ఆవిడ ఒప్పుకోదు. మళ్లీ పీటలు వేశారు. అక్షింతలు అయిపోతే కింద పడ్డవాటినే ఏరి అందరికీ పంచారు. పురోహితుడి చోట ఎవరో ఒకరు కూర్చోవాలి గనక పెదనాన్నే కండువా భుజాన వేసుకుని కూర్చున్నారు. కెమెరా ఆయన చేతిలో ఉండకూడదన్న ఆలోచన కూడా అందులో కొంత ఉంది.

“మంత్రాలు రావు కదా నాకు” అన్నారు.

“ఫొటోలో మాట వినబడదు తాతయ్యా, పెదవులు కదిపితే చాలు” అంది మేనకోడలు.

పెదనాన్న కళ్లు అరమోడ్చి, గంభీరంగా పదమూడో ఎక్కం ఎత్తుకున్నారు. పదమూడు ఒకట్ల పదమూడుకు మొదటి ముడి, పదమూడు రెళ్ల ఇరవై ఆరుకు రెండోది, పదమూడు మూళ్ల ముప్పై తొమ్మిదికి మూడోది. నవ్వు ఆపుకోలేక బాబాయి తల దించేశాడు. ఫొటోలో అది భక్తిగా పడింది. అంత నిండైన ఫొటో మా వంశంలో మరొకటి లేదు. పెద్దది చేయించి హాల్లో తగిలించారు.

ఆ తరవాత సత్యనారాయణ వ్రతం చేయించడానికి అదే పురోహితుడు వచ్చి, కాళ్లు కడుక్కుని, ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“నా చోట తమరు కూర్చున్నట్టున్నారే. ఏ మంత్రం చెప్పారు?”

పెదనాన్న చెప్పారు.

పురోహితుడు వేళ్లమీద లెక్క చూసుకుని, “ముప్పై తొమ్మిది సరిపోయింది. సంభావన ఎంత ఇచ్చారు?” అన్నాడు.