75 శాతం కాలేజీ, 25 శాతం బతుకు

దేశంలో పెద్దమనుషులకి మన టైమ్ గురించి మస్తు ఫికర్ ఉంది. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణ మూర్తి గారు యూత్ వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నరు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ గారి వీడియో ఒకటి బయటికొచ్చింది, ఆయన 90 గంటల మాట చెప్పి, ఇంట్లో కూసొని భార్య ముఖం ఎంతసేపు చూస్తరని కూడా అడిగిండ్రు. దానికి గచ్చిబౌలి మొత్తం గరమైంది, ఐటీ అన్నలు రాత్రి 1 గంట దాకా మేల్కొని వర్క్ లైఫ్ బ్యాలెన్స్ మీద పోస్టులు పెట్టిండ్రు. బీటెక్ థర్డ్ ఇయర్ పోరగాళ్లని ఒక్కరన్నా అడిగిండ్రా? లేదు. అందుకే ఈ వ్యాసం నేనే రాయాల్సొచ్చింది.

ముందు లెక్క చెప్తా. నేనుండేది దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో, కాలేజీ ఉన్నది మేడ్చల్ అవతల, అడ్మిషన్ టైమ్‌లో పాంప్లెట్ మీద మాత్రం "హైదరాబాద్ నడిబొడ్డున" అని ఉండె. పొద్దున 6:50కి బస్సెక్కుతా, సాయంత్రం 6:20కి దిగుతా. అంటే రోజుకి పదకొండున్నర గంటలు, ఆరు రోజులకి 69. మూర్తి గారికి వారానికి ఒక్క గంట బాకీ ఉన్న అన్నమాట, అది ఆదివారం ల్యాబ్ రికార్డు రాసుడుతో తీరిపోతది, పైగా నేనే కొంచెం ఎక్కువ కడుతున్న. భార్య ముఖం చూసే సమస్య మాకు లేదు. బస్సులో పక్క సీటోడు నోరు తెరిచి పడుకున్న ముఖం మాత్రం రోజుకి నాలుగు గంటలు చూస్తా.

ఇంక అసలు విషయానికొద్దాం. బ్యాలెన్స్ అంటే ఏందో తెలియక ఫారిన్‌లో పుస్తకాలు రాసుకుంటున్నరు గానీ మన జేఎన్‌టీయూ ఎప్పుడో ఫార్ములా ఇచ్చేసింది. అటెండెన్స్ 75 శాతం ఉండాలె. మిగిలిన 25 శాతం నీది, బతుకు పో. ఇంత క్లియర్‌గా ఏ ఫిలాసఫర్ చెప్పిండు? నీకు ఇంకొంచెం బతకాలని ఆశ పుట్టిందనుకో, దానికీ దారి ఉంది, 65 నుంచి 75 మధ్యలో పడితే, తక్కువైన అటెండెన్స్‌ని మాఫీ చేసే కండోనేషన్ ఫీజు కట్టి, సరైన కారణం చూపించి బయటపడొచ్చు. సరైన కారణం అంటే మెడికల్ సర్టిఫికెట్. చెల్లెల్ని సర్కస్‌కి తీస్కపోయిన అంటే నడవదు, జ్వరమొచ్చింది అంటే నడుస్తది. మొత్తానికి మనోళ్ల లెక్కల జీవితం అనేది ఒక రోగం, డాక్టర్ సంతకం పెడితేనే ఒప్పుకుంటరు. ఇక 65 కింద పడ్డోణ్ణి పరీక్షలు రాయనియ్యకుండ డిటైన్ చేస్తరు, వాడికి బతుకు మరీ ఎక్కువైపోయింది కాబట్టి.

ఇట్లాంటి మా బాధ చూడలేక మా కాలేజీ కూడా మొన్న ఒక వర్క్‌షాప్ పెట్టింది, స్ట్రెస్ తగ్గించుకునుడెట్ల, చదువునీ జీవితాన్నీ బ్యాలెన్స్ చేసుకునుడెట్ల అని. ఎప్పుడు పెట్టిండ్రు? సెకండ్ సాటర్‌డే. నెలకి ఒక్కటే వచ్చే ఆ సెలవు రోజున, పొద్దున 9 గంటలకి, అటెండెన్స్ కంపల్సరీ, రానోళ్లకి ఇంటర్నల్స్‌లో చూస్కుంటం అని క్లాస్ గ్రూప్‌లో మెసేజ్. వచ్చే గెస్ట్ మేడమ్ గారు అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కొని పదిన్నరకి వచ్చిండ్రు, అప్పటిదాకా రెండు వందల మందిమి ఫ్యాన్లు సగమే తిరిగే సెమినార్ హాల్‌లో ప్రశాంతత కోసం ఎదురుచూసినం. వచ్చినంక ఒక గుండ్రం గీయమని, అందుల ఎనిమిది గంటలు నిద్ర, ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు "మీ కోసం" అని మూడు ముక్కలు చెయ్యమన్నరు. నా పక్కనోడు "మీ కోసం" ముక్కలో చాలా నీట్‌గా రాసిండు: బస్సు 4, అమీర్‌పేటలో జావా కోచింగ్ 2, రికార్డు 2. లెక్క ఎనిమిదికి ఎనిమిది టాలీ అయింది, తప్పు ఎక్కడుందో మేడమ్‌కి కూడా అర్థం కాలే. (కాలేజీలో జావా చెప్తరు కదా మళ్ల అమీర్‌పేట ఎందుకు అని అడిగేటోళ్లు ఈ ఊరికి కొత్తోళ్లు.)

తర్వాత కళ్లు మూసుకొని అయిదు నిమిషాలు శ్వాస మీద ధ్యాస పెట్టమన్నరు. అయిదు నిమిషాలకి కళ్లు తెరవమంటే ఒక్కడూ తెరవలే. మొదటి వరుసలో మా హెచ్‌ఓడీ సార్ సన్నగ గురక పెడుతున్నరు. గెస్ట్ గారు నా కెరీర్‌లో ఇంత డీప్‌గా పోయిన బ్యాచ్‌ని చూడలేదని కళ్లనీళ్లు పెట్టుకున్నంత పనిచేసిండ్రు. తర్వాత కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే నాక్ వాళ్లకి చూపించే ఫైల్ కోసం ఫొటోలు, "అందరూ రిలాక్స్ అయినట్టు ముఖం పెట్టుండ్రి, వెనక బెంచోళ్లు, మీరింకా టెన్షన్‌గా కనవడుతున్నరు" అని మూడుసార్లు తీసిండ్రు.

మధ్యలో అమ్మ ఫోన్. "తిన్నవా బిడ్డా? సెలవేనాయె, మంచిగ పండుకోరాదు." పండుకున్న అమ్మా అన్న. అబద్ధం కాదు కదా.

ఈ సెమిస్టర్ నా సంగతి ఏందంటే, 420 పీరియడ్లకి 271 ఉన్నయి. అంటే 64.52. సర్టిఫికెట్ కోసం హాస్టల్ సందుల ఉన్న డాక్టర్ దగ్గరికి పోయిన, వైరల్ ఫీవర్ రాయండి సార్ అని. ఆయన ఏ మూడ్‌లో ఉన్నడో బీపీ మిషన్ చేతికి కట్టిండు. 140 బై 90. నాకు ఇరవై ఏండ్లు. "నిద్ర సరిగ్గ పోతున్నవా?" అన్నడు. "పోతున్న సార్, బస్సుల." ఆయన కాసేపు నన్నే చూసి, "నీకు దొంగ సర్టిఫికెట్ అక్కర్లేదు బాబు, అసలుదే రాసిస్త" అన్నడు. జీవితంలో మొదటిసారి ఒక పని నిజాయితీగా అయింది.

కానీ సర్టిఫికెట్ ఉన్నా 65 దాటాలె కదా. ఆఫీసులో లిస్ట్ చూస్తే నాది 65.02 అని ఉంది. వర్క్‌షాప్‌కి ఆరు పీరియడ్లు కలిపిండ్రట, 426కి 277. పండుకున్నందుకు.

ఉరుకులు పరుగులు పెట్టి కండోనేషన్ ఫీజు కౌంటర్ కాడికి పోయిన, లైన్‌లో నా ముందు ఒక్కడే ఉన్నడు. సరిగ్గ 1 కాంగనే లోపలున్న క్లర్క్ సార్ చేతిలో పెన్ను చేతిలోనే ఉండంగ లేసి, సగం నింపిన రసీదు మీద స్టాంప్ ప్యాడ్ బరువు పెట్టి, "రెండున్నరకి రా" అని షట్టర్ దించేసిండు. కింద సందులకెళ్లి వంగి చూసిన. నాలుగు గిన్నెల టిఫిన్ బాక్స్ ఒక్కొక్కటి తీసి వరుసగ పేర్చుకుంటున్నడు, ఒకదాంట్ల గోంగూర, ఫోన్ తిరగేసి పెట్టిండు, ఒక్క పిసరు తొందర లేదు మనిషికి. వర్క్‌షాప్‌కి ఈయన్ని పిలవాల్సింది.