ఆఖరి రోజే ఇంత నరకమా?

ఇటలీలో ఆల్బా చుట్టుపక్కల వైన్ ఊళ్లన్నీ తిరిగాం, ఆఖరి రోజు బరోలోలో టేస్టింగ్ అయ్యేసరికి మధ్యాహ్నం రెండున్నర దాటింది, పోయే ముందు ఇంకొక్కసారి ఆ తాయరీన్ తిందాం, అదే గుడ్డు సొనతో చేసే సన్నటి పాస్తా, వెన్నలో నిగనిగలాడుతూ ఉంటుంది చూడండి, దానికోసం ఉరుక్కుంటూ వెళ్తే కిచెన్ క్లోజ్ అంట, మళ్లీ రాత్రి ఏడున్నరకే అంట! మా రైలు ఆరింటికి. ఎంత బతిమాలినా వినలేదు, ఎండు శాండ్‌విచ్‌తో సరిపెట్టుకోవాలా అసలు?

పైగా బాటిళ్ల గోల. ఇండియాకి కస్టమ్స్ డ్యూటీ కట్టకుండా మందు 2 లీటర్లే, 750 ఎంఎల్ బాటిళ్లు రెండే పడతాయి. చీరల మధ్య చుట్టి చెకిన్‌లో వేశా, ఎయిర్‌పోర్టులో ఆ సూట్‌కేసు ఎత్తి విసిరేస్తుంటే కడుపు మండిపోయింది, కాస్త మెల్లగా పెడితే ఏం పోతుంది వాళ్లకి?