‘చైనాలో ఆరున్నర లక్షలు, ఇక్కడ పదిహేను’: ఎలక్ట్రిక్ కార్ల ధరలపై తిరుగుతున్న సందేశానికి జవాబు

ఎలక్ట్రిక్ కార్ల ధరల గురించి ఒక సందేశం చాలాకాలంగా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఒక్కో గ్రూపులో ఒక్కో రూపంలో కనిపించినా సారాంశం మాత్రం ఇదే: చైనాలో ఆరున్నర లక్షలకు అమ్మే కారును మనకు పదిహేను లక్షలకు అంటగడుతున్నారు, పోటీ లేకపోవడంతో కంపెనీలన్నీ కుమ్మక్కయ్యాయి, చార్జర్ కూడా ఇవ్వకుండా విడిగా అమ్ముకుంటూ, యాక్సెసరీల పేరుతో ఇంకో లక్ష గుంజుతున్నారు, పది లక్షల లోపు అని ప్రకటించే కారుకు అసలు బ్యాటరీయే ఉండదు, ఎనిమిదేళ్లకు బ్యాటరీ పోయాక కారును తూకానికి అమ్ముకోవాల్సిందే. ఇందులో ఒకటి రెండు మాటలు నిజాలే. వాటి ఊతంతోనే మిగిలినవి కూడా చెల్లుబాటవుతున్నాయి. ప్రకటనలో కనిపించే ధరకూ, కొనేవారి జేబులోంచి చివరికి వెళ్లే మొత్తానికీ మధ్య తేడా ఉందని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ తేడా ఈ సందేశం వేలు పెట్టి చూపిస్తున్న చోట లేదు.

ముందుగా చైనా ధర సంగతి. ఆరున్నర లక్షల లెక్క గాలిలోంచి పుట్టింది కాదు. చైనా కార్ల కంపెనీ బీవైడీ 2025 మే 23న స్వదేశంలో 22 మోడళ్ల ధరలను గరిష్ఠంగా 34 శాతం వరకు తగ్గించింది. అందులో భాగంగా సీగల్ అనే చిన్న కారు 69,800 యువాన్ల నుంచి 55,800 యువాన్లకు దిగింది. మన రూపాయల్లో అది ఇంచుమించు ఆరున్నర లక్షలే. అయితే అది జూన్ నెలాఖరు గడువుతో ప్రకటించిన తగ్గింపు ధర అన్న సంగతిని సందేశం చెప్పదు. అదే కారును అదే కంపెనీ అదే నెలలో డాల్ఫిన్ సర్ఫ్ పేరుతో ఐరోపాలో విడుదల చేసినప్పుడు జర్మనీలో ప్రారంభ ధర 22,990 యూరోలు, అంటే అప్పటి మారకం ప్రకారం దాదాపు 22 లక్షల రూపాయలు. ఐరోపా సమాఖ్య బీవైడీ కార్లపై మామూలు 10 శాతం సుంకానికి అదనంగా మరో 17 శాతం విధిస్తోంది. అక్కడి అమ్మకపు పన్నును, రవాణాను, అక్కడి నిబంధనలకు తగ్గట్టు చేసిన మార్పులను కూడా కలుపుకున్నా ఆరున్నర లక్షలు 22 లక్షలు కావు. చైనాలో అంత తక్కువకు అమ్మడానికి కారణం అక్కడి ధరల యుద్ధం. ఆ యుద్ధం ఎంత దూరం పోయిందంటే, మరో చైనా కంపెనీ గ్రేట్ వాల్ మోటార్ అధినేత వెయ్ జియాన్‌జున్ అదే మే నెలలో, దివాలా తీసిన స్థిరాస్తి సంస్థ ఎవర్‌గ్రాండ్‌తో పోలుస్తూ, కార్ల పరిశ్రమలో అలాంటిది ఇప్పటికే ఉందని, పేలడమే మిగిలిందని బహిరంగంగా హెచ్చరించారు. విడిభాగాలు సరఫరా చేసేవారికి అరవై రోజుల్లోగా డబ్బు చెల్లిస్తామని ప్రధాన కంపెనీలు జూన్‌లో ప్రత్యేకంగా మాట ఇవ్వాల్సి వచ్చిందంటే, అంతకుముందు ఆ తక్కువ ధరల భారం ఎవరి నెత్తిన పడిందో ఊహించుకోవచ్చు.

మరి ఆ కారు ఇక్కడికి ఎందుకు రాలేదన్నది న్యాయమైన ప్రశ్నే, కానీ సందేశం ఆ ప్రశ్న అడగదు. జవాబులో ఒక భాగం హైదరాబాద్‌లోనే ఉంది. ఇక్కడి మేఘా ఇంజనీరింగ్ సంస్థతో కలిసి వంద కోట్ల డాలర్లతో కార్ల తయారీ చేపడతామని బీవైడీ పెట్టిన ప్రతిపాదనను కేంద్రం 2023లో తిరస్కరించింది. సరిహద్దు దేశాల పెట్టుబడులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ 2020 ఏప్రిల్‌లో తెచ్చిన నిబంధన ఆ దారిలో అడ్డుగా నిలిచింది. పూర్తిగా తయారైన కారును చైనా నుంచి దిగుమతి చేసుకుందామంటే మామూలుగా సుంకం 70 శాతానికి తగ్గదు. అమెరికాలో సుమారు 45 వేల డాలర్లున్న టెస్లా మోడల్ వై 2025 జులైలో ముంబైలో 59.89 లక్షలకు విడుదలైందంటే అందులో సుంకం వాటా చాలా పెద్దది. ఈ విధానం మంచిదా చెడ్డదా అని వాదించుకోవచ్చు. దాన్ని దేశీయ కంపెనీల కుమ్మక్కు ఖాతాలో వేయడం మాత్రం కుదరదు.

ఆ కుమ్మక్కు ఆరోపణకైతే ధరల చరిత్రే సమాధానం. మూడు నాలుగేళ్ల కిందట దేశంలో పది ఎలక్ట్రిక్ కార్లు అమ్ముడైతే వాటిలో ఏడుకు పైగా టాటావే ఉండేవి. 2025 నాటికి ఆ వాటా సగం కంటే కిందికి వచ్చింది. టాటా నెక్సాన్ ఈవీ ప్రారంభ ధర 2023 సెప్టెంబరులో 14.74 లక్షలు, 2024 ఫిబ్రవరిలో 14.49, అదే ఏడాది సెప్టెంబరులో 12.49. ఎక్కువ దూరం నడిచే రకం మీద ఫిబ్రవరిలో ఒక్కసారే 1.2 లక్షలు తగ్గించారు. ఎంజీ కామెట్ కూడా ఆ ఫిబ్రవరిలోనే 7.98 లక్షల నుంచి 6.99 లక్షలకు దిగింది. చైనా కారు మన దాకా రానే లేదన్నదీ పూర్తిగా నిజం కాదు: బాగా అమ్ముడవుతున్న ఎంజీ విండ్సర్, చైనాలో వూలింగ్ క్లౌడ్ ఈవీగా ఉన్న కారు ఆధారంగా గుజరాత్‌లోని హలోల్‌లో తయారవుతున్నదే. కుమ్మక్కైన వ్యాపారులు ఏడాదిలో రెండుసార్లు ధర తగ్గించుకోరు.

ఇక చార్జర్. సందేశంలో కాస్త బలమున్న మాట ఇదే కాబట్టి కొంచెం వివరంగా చూడాలి. మహీంద్రా 2024 నవంబరులో బీఈ 6ను 18.90 లక్షలకు ప్రకటించినప్పుడు అందులో చార్జర్ లేదు, 7.2 కిలోవాట్లదైతే 50 వేలు, 11.2 కిలోవాట్లదైతే 75 వేలు అదనం అన్నారు. 2025 జనవరిలో వచ్చిన హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్‌కు 11 కిలోవాట్ల చార్జర్ కావాలంటే 73 వేలు ఎక్కువ. టాటా హ్యారియర్ ఈవీ 21.49 లక్షల ప్రారంభ ధరలోనూ చార్జర్ కలపలేదు. వార్తల్లో పెద్ద అక్షరాల్లో వచ్చిన అంకె ఒకటి, చార్జర్ లేదన్న మాట నక్షత్రం గుర్తు కింద చిన్న అక్షరాల్లో మరొకటి. ఈ అలవాటును సమర్థించే ఉద్దేశం నాకు లేదు. ఒక కంపెనీ చార్జర్‌తో కలిపి, మరొకటి కలపకుండా ధర చెబితే రెంటినీ పోల్చేవారు మోసపోవడానికి ఆస్కారం ఉంటుంది.

కానీ చార్జర్ లేని కారు పనికిరాని కారు అన్న అభిప్రాయం, గోడకు బిగించే ఆ పెట్టె ఏం చేస్తుందో తెలియకపోవడం వల్ల వచ్చింది. ఇంటి కరెంటును బ్యాటరీకి సరిపడే కరెంటుగా మార్చే అసలు చార్జర్ కారులోపలే ఉంటుంది; దానికి డబ్బు కారు ధరలోనే కట్టేశాం. గోడ మీది పెట్టె ఎక్కువ కరెంటును సురక్షితంగా అందించి, తేడా వస్తే ఆపేసే సాధనం మాత్రమే. గీజరుకు వాడే 15 ఆంపియర్ల ప్లగ్గు నుంచి, ఎర్తింగ్ సరిగా ఉంటే, గంటకు మూడు యూనిట్ల దాకా ఎక్కుతాయి. వంద కిలోమీటర్లకు 14, 15 యూనిట్లు ఖర్చవుతాయనుకుంటే, రోజూ నలభై కిలోమీటర్లు తిరిగేవారికి రాత్రిపూట రెండు రెండున్నర గంటలు చాలు. బీఈ 6లోని 59 యూనిట్ల బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసుకుని ఇంటికి వచ్చేవారికైతే అదే ప్లగ్గు మీద ఇరవై గంటలు పడుతుంది, 7.2 కిలోవాట్ల పెట్టె అవసరం వారికి ఉంటుంది. పైగా 11 కిలోవాట్లవి మన ఇళ్లలో చాలావాటికి ఉన్న సింగిల్ ఫేజ్ కనెక్షన్ మీద పూర్తి వేగంతో పనిచేయవు. త్రీ ఫేజ్ తీసుకోవాలి, విద్యుత్ సంస్థ వద్ద మంజూరైన లోడు పెంచుకోవాలి, మీటరు నుంచి పార్కింగ్ దాకా మందపాటి కేబుల్ లాగించాలి; అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనైతే సంఘాన్ని కూడా ఒప్పించాలి. చార్జర్‌ను ఉచితంగా ఇచ్చినా ఈ ఖర్చు తప్పదు. కాబట్టి అవసరం లేనివారి నుంచి చార్జర్ డబ్బు తీసుకోకపోవడం దోపిడీ కాదు. వద్దన్నా బలవంతంగా అంటగడితేనే దోపిడీ.

బలవంతం విషయానికొస్తే, నిజంగా కోప్పడాల్సిన చోటు షోరూంలో చేతికిచ్చే కొటేషన్ కాగితం. ఎక్స్-షోరూం ధర కింద ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్, టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను), ఎక్స్‌టెండెడ్ వారంటీ, ‘ఎసెన్షియల్ కిట్’, కొన్నిచోట్ల ‘హ్యాండ్లింగ్ చార్జీలు’ అంటూ వరుసగా పద్దులు ఉంటాయి. వీటిలో అన్నీ ఒక కోవవి కావు. పది లక్షలు దాటిన కారుపై వసూలు చేసే 1 శాతం టీసీఎస్ ఖర్చే కాదు. ఆదాయపు పన్ను లెక్కలో తిరిగి సర్దుబాటవుతుంది. ఇన్సూరెన్స్‌ను డీలరు దగ్గరే తీసుకోవాలన్న నియమం లేదు. మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, బాడీ కవరు, సెంటు సీసా కలిపి కట్టిన కిట్టును తీసుకుంటేనే కారు ఇస్తామంటే, ఒక వస్తువు కొనడానికి మరొకటి కొనాలని షరతు పెట్టడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వాణిజ్య పద్ధతి (రిస్ట్రిక్టివ్ ట్రేడ్ ప్రాక్టీస్)గా నిర్వచించింది. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ఈ కిట్ల బాధ పెట్రోలు కార్లు కొనేవారికి దశాబ్దాలుగా ఉన్నదే. దీన్ని ఎలక్ట్రిక్ కార్ల కుట్రగా చూపడం వల్ల నిలదీయాల్సిన డీలరు తప్పించుకుంటాడు. అదే కాగితంలో తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ ఎదురుగా సున్నా ఉంటుందన్న విషయం కూడా సందేశం దాచింది. 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ కార్లకు ఆ పన్ను లేదు. ఆ ఉత్తర్వు వచ్చిన నాటి రేటు ప్రకారం పది నుంచి ఇరవై లక్షల మధ్య పెట్రోలు కారుకు 17 శాతం కట్టాల్సి ఉండేది. 12 లక్షల కారుకు అది 2,04,000 రూపాయలు. యాభై వేల చార్జర్ గురించి అంత గట్టిగా మాట్లాడేవారు దీన్ని ఒక్క వాక్యంలోనైనా ప్రస్తావించి ఉండాల్సింది.

‘బ్యాటరీ లేని కారు’ అన్నది విండ్సర్ గురించి. 2024 సెప్టెంబరులో దీన్ని 9.99 లక్షలకు ప్రకటించి, బ్యాటరీకి కిలోమీటరుకు 3.50 రూపాయల అద్దె పెట్టారు. బ్యాటరీతో కలిపితే 13.50 లక్షలు. కారులో బ్యాటరీ ఉంటుంది, దాని డబ్బు విడిగా కట్టాలి, అంతే. తేడా 3.51 లక్షలు కాబట్టి లక్ష కిలోమీటర్లు తిరిగితే అద్దె ఆ మొత్తానికి చేరుతుంది. ఇంటి కరెంటు యూనిట్ 8 రూపాయలనుకుంటే కిలోమీటరుకు ఇంకో 1.20, మొత్తం 4.70 రూపాయలు. లీటరు 107 రూపాయలు దాటిన హైదరాబాద్‌లో, పదిహేను కిలోమీటర్ల మైలేజీ ఇచ్చే పెట్రోలు కారుకు ఏడు రూపాయలకు పైనే అవుతుంది. ఇంతవరకు పథకం బాగానే ఉంది. కిటుకు కనీస వాడకం షరతులో ఉంది. విడుదల నాటి షరతుల ప్రకారం నెలకు కనీసం 1,500 కిలోమీటర్ల అద్దె, అంటే 5,250 రూపాయలు, కట్టాలన్నారు. నెలకు 800 కిలోమీటర్లే తిరిగేవారికి అప్పుడు అద్దె కిలోమీటరుకు ఆరున్నర దాటి, కరెంటుతో కలిపి పెట్రోలును మించిపోతుంది. పథకం మోసమని కేకలు పెట్టేకంటే తాను సంతకం పెట్టబోయే ఫైనాన్స్ ఒప్పందంలో ఆ షరతు ఉందో లేదో చూసుకోవడం కొనేవారికి ఎక్కువ ఉపయోగం.

చివరిది బ్యాటరీ ఆయుష్షు. ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు అన్నది వారంటీ గడువు. ఆ మర్నాడు బ్యాటరీ చచ్చిపోతుందని దాని అర్థం కాదు. నిల్వ సామర్థ్యం ఏటా కొద్దికొద్దిగా తగ్గుతుంది, నడిచే దూరం ఆ మేరకు తగ్గుతుంది. 2024లో ప్రపంచ సగటు బ్యాటరీ ధర యూనిట్ సామర్థ్యానికి 115 డాలర్లని బ్లూమ్‌బర్గ్ అనుబంధ పరిశోధన సంస్థ లెక్కగట్టింది. ఆ లెక్కన 45 యూనిట్ల ప్యాకుకు నాలుగున్నర లక్షల లోపే. సర్వీసు సెంటర్లో మార్పించుకుంటే ఎక్కువే అవుతుంది గాని, ఆ సగటు 2022లో కాస్త పెరిగినా మొత్తం మీద దిగుతూ వచ్చింది. పోటీ ఎక్కువగా పనిచేసింది కూడా ఇక్కడే. విండ్సర్‌కు ఎంజీ ‘లైఫ్‌టైమ్’ వారంటీ ఇస్తే, మహీంద్రా కూడా ఇచ్చింది, 2025లో టాటా కూడా హ్యారియర్ ఈవీకి, ఆపై కర్వ్‌కు, 45 యూనిట్ల నెక్సాన్‌కు ఇచ్చింది. టాటా లెక్కలో లైఫ్‌టైమ్ అంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి పదిహేనేళ్లు.

అయితే ఈ లైఫ్‌టైమ్ భరోసా కారును మొదట కొన్న వ్యక్తికే. కారు చేతులు మారితే వారంటీ విండ్సర్‌కు ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లకు, మహీంద్రా కార్లకు పదేళ్లు లేదా రెండు లక్షల కిలోమీటర్లకు తగ్గుతుంది. దీనికి తోడు కొత్త కార్ల ధరలు తగ్గినప్పుడల్లా పాత కార్ల విలువా తగ్గుతుంది. 2024 జనవరిలో ఎక్కువ దూరం నడిచే నెక్సాన్ కొన్నవారు నెలన్నర తిరగకుండా 1.2 లక్షల తేడా చూశారు. మూడు నాలుగేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవారు చార్జర్ ధర కంటే ముందు లెక్క వేసుకోవాల్సింది ఈ నష్టాన్నే. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారైతే మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ఓడోమీటరు అంకె, చేతులు మారాక మిగిలే వారంటీ, ఈ మూడూ కాగితం మీద చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు.